రోజుకో అబద్ధం

నా చిన్నప్పుడు మా అమ్మ రోజుకొక అబద్ధం చెప్పేది. దేవుడికి దీపం పెట్టినంత శ్రద్ధగా, ఒక్కరోజు కూడా తప్పకుండా చెప్పేది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే మా కాలనీలో సగం మంది నమ్మరు, అయినా వినడం మాత్రం ఎవరూ మానరు. ఆ విద్య నాకు ఆమె దగ్గర నుంచి వచ్చిందే. ఇదొక్కటి మాత్రం నమ్మండి.

మా నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాంటాలు అక్కడ తయారయ్యేవి. దేశంలో ఎవరు ఎక్కడ కొన్నా, నాన్న వెళ్లి బిగించి, సరిచూసి రావాలి. ఒక్కోచోట నెలల తరబడి పని. మొదట్లో ఒక్కడే వెళ్లేవాడు. ఒకసారి గడ్డం పెంచుకుని తిరిగొస్తే, నేను గుర్తుపట్టక, ఇంట్లో ఎవరూ లేరు తర్వాత రమ్మని తలుపు వేసేశానట. ఆ తర్వాతి ప్రయాణానికి అమ్మ నన్ను బడి మాన్పించి, ఇంటికి తాళం వేసి, తనూ బయల్దేరింది. అప్పట్నుంచి కాంటా ఎటు పోతే మేమూ అటే. క్వారీ పక్కన రేకుల షెడ్డు, చక్కెర మిల్లు వెనక గది, సముద్రం దగ్గర ఉప్పు మడుల గట్టున గుడిసె, అన్నీ మా ఇళ్లే.

బడి మా అమ్మే. పలకా పుస్తకాలూ ఉండేవి కానీ అసలు పాఠం అబద్ధమే. పొద్దున రొట్టెలు కాలుస్తూ నాలుగు సంగతులు చెప్పేది. వాటిలో ఒకటి అబద్ధం. పొద్దుగూకేలోపు అదేదో నేను పట్టుకోవాలి. పట్టుకుంటే ఆ పూట అన్నాల దగ్గర కథ చెప్పే వంతు నాది, ఎన్ని కోతలు కోసినా ఎవరూ అడ్డు చెప్పకూడదు. పట్టుకోలేకపోతే అమ్మ విప్పి చెప్పేది కాదు. ఆ అబద్ధం నాతోనే ఉండిపోయేది. ఒంటె మూపురంలో మజ్జిగ ఉంటుందని నా పెళ్లయ్యేదాకా నమ్మాను.

ఉప్పు మడుల దగ్గర ఉన్నప్పుడు, ఉప్పును వెన్నెల్లో ఆరబెడతారు గనకే అంత తెల్లగా ఉంటుందని చెప్పింది. నిజమో కాదో పనివాళ్లను అడగాలంటే వాళ్ల భాష రావాలి. నాలుగు మాటలు కూడగట్టుకుని అడిగితే, ఒకావిడ నవ్వీ నవ్వీ నా చెప్పులు విప్పించి మిట్టమధ్యాహ్నం మడిలో నిలబెట్టింది. ఉప్పును ఆరబెట్టేది వెన్నెల కాదని నా అరికాళ్లకు ముందు తెలిసింది. ఇంకోసారి నర్మద ఒడ్డున, ఈ నది మన గోదావరి లాగా తూర్పుకు పోదనీ పడమరకు పోతుందనీ అంది. దొరికిందిలే అబద్ధం అనుకుని నీళ్లలో ఆకు వేసి చూశాను. ఆకు నిజంగానే పొద్దు వాలే వైపు కొట్టుకుపోయింది. ఆ రోజు కథ వంతు పోయింది కానీ, తన దారిన తను పోయే ఆ నది మీద నాకు ఇష్టం ఏర్పడిపోయింది.

మా పెద్దనాన్నకు ఇదేదీ నచ్చలేదు. ఉప్పల్‌లో సొంతిల్లు, ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, మా మీద ప్రేమ కూడా ఎక్కువే. పదేళ్ల ఆడపిల్లను దేశం పట్టుకుని తిప్పడం ఏమిటని ఆయన బాధ. ఒకసారి మేము నాచారం వచ్చినప్పుడు, బళ్లో చెప్పే ఒక సారును ఇంటికి పిలిపించి, నాకు చదువు ఎంతవరకు వచ్చిందో చూస్తానన్నాడు. రాకపోతే నన్ను పెద్దనాన్న ఇంట్లోనే ఉంచి బళ్లో వేయాలి. నాన్న తన అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

ఆ పొద్దున అమ్మ ఏమీ చెప్పలేదు. ఉప్పల్‌కు ఆటోలో వెళ్తుంటే అప్పుడు మొదలుపెట్టింది. పెద్దమ్మ పాయసం చేస్తున్నదంది. సారు మంచివాడంది. మన కొత్త కాంటా సముద్రం దాటి పోతుందంది. చివర్లో, "ఆడ తప్పు చెప్పినవనుకో, నిన్ను ఈడనే ఇడిసిపెట్టి పోతం" అంది. నేను ఒళ్లో ఉన్న నా బట్టల సంచీని దగ్గరకు లాక్కున్నాను.

సారు నిజంగానే మంచివాడు. నెమ్మదిగానే అడిగాడు. ముఖ్యమైన పంటలు చెప్పమన్నాడు. ఏ ఊళ్లో అని అడిగాను. పుస్తకంలో ఉన్నవి చెప్పమ్మా అన్నాడు. నాకు రాలేదు. చరిత్ర రాలేదు, వ్యాకరణం అసలే రాలేదు. పిల్ల చురుకైనదే గానీ తోవలో పెట్టాలని చెప్పి, పాయసం తాగి ఆయన వెళ్లిపోయాడు. పెద్దమ్మ నా సంచీ తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టింది.

"అయిందేదో అయింది తమ్మీ," అన్నాడు పెద్దనాన్న. "పిల్ల నా బిడ్డ లెక్కనే ఉంటది. నువ్వు ఫికర్ జెయ్యకు."

నాన్న నేల చూశాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ ఏమైనా అంటుందేమోనని చూస్తే, చాయ్ కప్పు పట్టుకుని నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని, ఇంకా దొరకలేదా అన్నట్టు చూసే చూపు అది. కిటికీలోంచి చూశాను. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు.

లేచి లోపలికెళ్లి నా సంచీ తెచ్చుకున్నాను. గడప దగ్గర చెప్పులు వేసుకున్నాను.

"అమ్మా, ఇయ్యాల్టిది దొరికింది."

"ఏదే?"

"నన్ను ఇడిసిపెట్టి పోతం అన్నవ్ గదా. గదే."

అమ్మ కప్పు కింద పెట్టి లేచింది. "పిల్లకు రానియన్ని నేను నేర్పుత బావా," అంది పెద్దనాన్నతో. "పిల్లనైతే ఇడువ."

నాన్న వంగి తన చెప్పులు వెతుక్కోవడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఇంటికెళ్తుంటే ఆటోలో అడిగాను, నేను పట్టుకోకపోతే ఏం చేసేదానివని. నవ్వకుండా, "ఇడిసే పోదును" అంది. అది ఆ రోజు రెండో అబద్ధం. దాన్ని పట్టుకోవడానికి నాకు వీధి మలుపు తిరిగేంత సేపు కూడా పట్టలేదు.

అమ్మ మాట నిలబెట్టుకుంది. బళ్లో చెప్పే పుస్తకాలన్నీ కొనిపించి, రైళ్లలో, షెడ్లలో, లారీ ముందు సీట్లో నా చేత చదివించింది. వ్యాకరణం మాత్రం నాకు ఇప్పటికీ రాదు, అయితే ఏంటట?

ఇప్పుడు మా అమ్మాయీ అల్లుడూ లాప్‌టాప్‌లలో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని వ్యాన్‌లో వేసుకుని ఊళ్లు తిరుగుతున్నారు. మొన్న ఉప్పల్ మెట్రో కింద కూరగాయలు బేరమాడుతుంటే, మా కిందింటాయన ఆపి, "పిల్లలు ఆగమైతరక్కా, నువ్వన్న జర చెప్పరాదు" అన్నాడు. ఇలా భయపెట్టేవాళ్లు నాకు కొత్తేమీ కాదు. ఆసుపత్రిలో, ఆఫీసులో, పెళ్లిచూపుల్లో ఎందరినో చూశాను. ఇక నీ పని అయిపోయిందని ఎవరైనా తేల్చి చెప్పినప్పుడల్లా నేను ముందు పొద్దెంత ఉందో చూస్తాను. తర్వాత నా చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటాను.