షావుకారు చెవులకు పసుపు

మేం చిన్నగా ఉన్నప్పుడు... హనుమకొండలో ముందు గదిలో మా కిరాణా దుకాణం, వెనక గదుల్లో ఇల్లు. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే నానమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఒళ్ళో బూడిదరంగు కుందేలు, పక్కన గిన్నెలో పసుపు ముద్ద.

ఆ కుందేలు పేరు షావుకారు. పేరు పెట్టింది నానమ్మే... ఏ పనీ చేయకుండా పొద్దంతా బస్తా మీద కూర్చుని నములుతుందని. మా బాపుకి తగిలేలాగే ఆ మాట అనేది. బాపు వినిపించుకోనట్టు త్రాసు తుడుచుకునేవాడు.

ఇంకో తెల్ల కుందేలు కూడా ఉండేది, అది పిల్లలందరిదీ. షావుకారు మాత్రం నానమ్మది. తాతయ్య పోయాక మధ్యాహ్నాలు ఆమె మనసు విప్పి మాట్లాడింది దానితోనే.

ఓ వానాకాలం దాని చెవుల అంచున తెల్లటి పొట్టు కనిపించింది. దుకాణంలో తవుడు అంటుకుందనుకున్నాం. అది వెనక కాలితో టపటపా చెవి గోక్కుంటుంటే మాకు నవ్వులాట. కొన్నాళ్ళకి ఆ పొట్టు గట్టిపడి పెచ్చులు కట్టింది. ముక్కు మీద బొచ్చు ఊడింది.

బాపు కంట పడనే పడింది.

"అమ్మా, దానికి గజ్జి లేసినట్టున్నది. మనం తినే సరుకు అమ్ముకునేటోళ్ళం. గిరాకోళ్ళు చూస్తె మన మెట్టు ఎక్కుతరా? తగ్గకుంటె నెక్కొండల మీ తమ్ముని పొలం కాడ ఇడిసిపెట్టి వస్త."

"జర ఆగు బిడ్డా. పసుపు రాస్తాన గద, తగ్గుతది."

మా ఇంట్లో పసుపుకి తిరుగులేదు. మోకాలు చెక్కుకుపోయినా పసుపే, జలుబు చేసినా పసుపే. దుకాణం నిండా పెట్టుకుని దవాఖానకి పోవడమంటే మా సరుకుని మేమే చిన్నచూపు చూసినట్టు. నానమ్మ పొద్దునా మధ్యాహ్నం చెవులకీ ముక్కుకీ మందంగా పట్టించేది. షావుకారుని పెళ్ళికొడుకుని చేశారని మేం ఏడిపించేవాళ్ళం. బాపు వచ్చి "తగ్గిందా?" అంటే "తగ్గుతాంది" అనేది. అంత పసుపు కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది...

నిజానికి తగ్గలేదు. అది తిండి మానేసింది. కొత్తిమీర ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. మూతి అంతా పుండైతే ఎలా తింటుందన్న ఆలోచన మాకు రాలేదు. కుక్క అయితే మూలుగుతుంది, పిల్లి అయితే అరుస్తుంది. కుందేలు తన బాధ ఎవరికీ తెలియనివ్వదు, ఓ మూలన ముడుచుకుని కూర్చుంటుంది.

చివరికి అమ్మ పట్టుబట్టింది. బాపు విసుక్కుంటూనే స్కూటర్ తీశాడు. ముందు నిలబడి నేను, వెనక సంచీలో షావుకారుని పెట్టుకుని నానమ్మ. పశువుల దవాఖానలో బర్రెల మధ్య, మేకల మధ్య మా కుందేలుని చూసి నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు.

డాక్టరు గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి మెల్లగా పసుపు తుడిచాడు. చూస్తుంటే నాకు భయం వేసింది. చెవుల లోపలి దాకా పెచ్చులే... అంచులు చీలి నెత్తురు. గోళ్ళ చుట్టూ కూడా అంతే.

"పురుగు పట్టింది. కంటికి కనపడది, తోలు లోపట తొలుస్తది. సూది ఇస్త, రెండు వారాలకు మళ్ళ తీసుకరండ్రి. పెచ్చులు గుంజకుండ్రి, స్నానం పొయ్యకుండ్రి. ఇంకో కుందేలు ఉంటె, మంచిగ కనపడినా దాన్ని కూడ తేండ్రి. కింద పరిచిన బస్తాలు కాలబెట్టుండ్రి."

సూది ఇచ్చాక ఆయన నానమ్మ వైపు చూశాడు. "మీకేమన్న దురద పెడుతాందా అమ్మా?"

"లేదు సారూ."

ఆమె చేతులు మోచేతుల దాకా పసుపే. ఆమె చేతులకి పసుపు కొత్తేం కాదు, అందుకే మేమెవరం పట్టించుకోలేదు. డాక్టరు ఇంకో దూది తీసుకుని ఆమె మణికట్టు తుడిచాడు. ఎర్రటి పొక్కులు... గోకి గోకి తోలు లేచిపోయి ఉంది.

బాపు ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పటిసంది అమ్మా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తె దీన్ని నెక్కొండ పంపిస్తవు గద బిడ్డా."

వచ్చేటప్పుడు బాపు స్కూటర్ చాలా నెమ్మదిగా నడిపాడు. ఇంటికి రాగానే ఆ బస్తాలు తనే పెరట్లో వేసి కాల్చాడు. నానమ్మని కూడా దవాఖానకి తీసుకెళ్ళి, ఇచ్చిన మందు తన చేత్తోనే రాశాడు. తెల్ల కుందేలుకి కూడా సూది వేయించాడు. షావుకారుకి మెల్లమెల్లగా బొచ్చు తిరిగొచ్చింది. ఒక చెవి అంచు మాత్రం కొరికేసినట్టు అలాగే ఉండిపోయింది. నెక్కొండ మాట బాపు మళ్ళీ ఎత్తలేదు.

అప్పటినుంచి రోజూ దుకాణం తెరిచేముందు లోపలికొచ్చి "చేతులు చూపెట్టు అమ్మా" అనేవాడు. నానమ్మ రెండు చేతులూ చాపి అటూ ఇటూ తిప్పేది. దురద పోయిన చాలా కాలానికి కూడా వాళ్ళిద్దరూ ఆ అలవాటు మానలేదు.

ఇప్పుడు సుబేదారిలో మా ఫ్లాట్‌లో నా కూతురి కుందేలుకి అదే గజ్జి... చెవి అంచున పొట్టు చూడగానే గుర్తుపట్టాను. ఫోన్‌లో అపాయింట్‌మెంట్, ఏసీ క్లినిక్, మెడ మీద వేసే చుక్కల మందు... అన్నీ దొరికాయి. అది కోలుకుంటోంది, సంతోషమే. కానీ బోను కడగడం, గుడ్డలు వేడినీళ్ళలో ఉడకబెట్టడం, ఆఫీసు, వంట... అన్నీ అయ్యేసరికి నాకు నడుము నిలవడం లేదు. నిజంగా అలసిపోయాను.

కుందేలు ఎలా ఉందని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. నా ముంజేతుల మీద కూడా పొక్కులు లేచాయి. ఎవరూ చూడలేదు... నేనూ చెప్పలేదు.

అప్పట్లో మాకు మందు తెలియదు గానీ, నానమ్మ దురద సంగతి తెలిశాక రోజూ అడిగే మనిషి ఉండేవాడు. ఇప్పుడు మందులకి కొదవ లేదు...

మీ ఇంట్లో అలా అడిగేవాళ్ళు ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి. ఆ రాసేది తర్వాతైనా పర్వాలేదు గానీ... ముందు లేచి వెళ్ళి, మీ ఇంట్లో "ఏం లేదు" అనే మనిషి చేతులు ఒకసారి చూసి రండి.