వానలు పడేవరకు

ప్రజాస్వామ్యం నియంతృత్వంగా ఎలా మారుతుందని ఎవరైనా అడిగితే, దేశాల సంగతి నాకు తెలియదనే చెబుతాను. నేను పరీక్షించి చూడని విషయం గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఒక్క ఊరిలో, ఒక్క నీళ్ళ ట్యాంకు దగ్గర అది ఎలా జరిగిందో మాత్రం తెలుసు. దానికి మొదటి ఆధారం సమకూర్చినవాణ్ణి నేనే కాబట్టి తెలుసు.

ఎనభైల చివర్లో గట్టు మండలంలోని ఒక ఊళ్ళో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. మాది వనపర్తి. ఆ ఊళ్ళో నేల అంతా మెట్ట. తాగునీటికి ఒకే బోరు, దానికి కరెంటు మోటరు, పక్కన ట్యాంకు, నాలుగు వాడలకు నాలుగు నల్లాలు. ఏ వాడకు ఎంతసేపు నీళ్ళు వదలాలో తేల్చడానికి ఒక కమిటీ ఉండేది. ప్రతి ఉగాదికి వాడకొకరిని చేతులెత్తి ఎన్నుకునేవారు. ప్రతి అమావాస్యనాడు, ఎద్దులకూ మనుషులకూ పని ఉండని రోజు గనుక, బడి వరండాలో కూర్చుని పోట్లాడుకునేవారు. అక్షరం వచ్చినవాణ్ణని తీర్మానాలు నాచేత రాయించేవారు. ఆ పోట్లాటలు నాకు విసుగ్గా ఉండేవి.

ఆ ఏడు కమిటీ అధ్యక్షుడు పిండి గిర్ని నడిపే ఆయన. మంచి పనివాడు. తెల్లవారుజామునే సైకిలెక్కి వచ్చి వాల్వు కారుతోందేమో తడిమి చూసేవాడు. చివరి వాడ తరఫున ఎన్నికైనది ఒక కూలి మనిషి, బొంబాయిలో మట్టిపనులు చేసి తిరిగొచ్చిన ఆడమనిషి. ఆమె నోటికి ఊరంతా జంకేది.

వానలు సరిగా పడలేదు. బోరులో నీరెంత ఉందో చూడమని కమిటీ నన్నడిగింది. దసరా సెలవుల్లో ఒక ఉదయం, నైలాను తాడుకు, చేతులు చాచినంత బారకొక ముడి వేసి, చివర ఇనుప బోల్టు కట్టి, తాడుకు సుద్ద రాసి, బోరు మూత సందులోంచి దించాను. సుద్ద తడిసిన చోటు చూసి లెక్కగట్టాను. ఇరవై రెండు బారల లోతున నీరు తగిలింది. శివరాత్రి ఇంకా నెల ఉందనగా మళ్ళీ కొలవమన్నారు. ఈసారి బడి వదిలాక, సాయంత్రం వెళ్ళాను. ఇరవై తొమ్మిది బారలు. ఏడు బారలు పడిపోయింది! అధ్యక్షుడి ముఖం వాడిపోయింది. "ఇగ ఊరు ఖాళీ చేసుడే, సారు," అన్నాడు.

వచ్చిన అమావాస్యనాడు తీర్మానం రాశాను. నా అక్షరాలే, నా వాక్యాలే. "నీటి కొరత దృష్ట్యా, వానలు పడేవరకు, వంతుల విషయంలో అధ్యక్షులవారి నిర్ణయమే అంతిమం." సమర్థంగా ఉందని సంతోషించాను కూడా. అన్ని చేతులూ లేచాయి. చివరి వాడ ఆమె చెయ్యి కూడా.

ఉగాది వచ్చింది. "నీళ్ళకే పరేషానయితుంటే ఎన్నికలేంది?" అన్నారు ఎవరో. నిజమే అనిపించింది. ఎన్నిక వానలు పడేవరకు వాయిదా పడింది. తరువాత అమావాస్య కూటం ఆగిపోయింది. కూర్చుంటే కొట్లాటలే తప్ప నీళ్ళు రావని అధ్యక్షుడు అన్నాడు. అది కూడా అబద్ధం కాదు. చివరి వాడ ఆమె ఒక్కతే గిర్ని ముందు నిలబడి, కూటం ఎప్పుడు పెడతారని అడిగింది. మూడోసారి అడిగిన మరునాటి నుంచి ఆ వాడకు నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చాయి.

"జర ఓపిక నేర్వాలె," అన్నాడు అధ్యక్షుడు, నేను అడిగినప్పుడు. "ఒక్కరు నోరు తెరిస్తే నలుగురు తెరుస్తరు. గట్లయితే నీళ్ళెవలు సంభాళిస్తరు?"

మిగతా మూడు వాడలు ఏమీ అనలేదు. మేము అద్దెకున్న ఇల్లు ఆయన వాడలోనే. మా నల్లా రోజూ వస్తోంది. నా భార్య బిందె దించుతూ, "నీ లెక్కలతోని మన కుండయితే నిండుతున్నది," అంది. మెచ్చుకుందో, ఎత్తిపొడిచిందో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఒక మధ్యాహ్నం చివరి వాడ ఆమె ఖాళీ బిందెతో బడికే వచ్చింది. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె బిడ్డ, ఎనిమిదో నెల కడుపుతో, వాగు ఇసుకలో తీసిన చెలిమె నుంచి నీళ్ళు మోస్తూ పొద్దున గట్టు మీద జారి కూర్చుండిపోయిందట.

"దవాఖానకు తోల్కపోయినమా అంటే పోయినం. ఏం గాలేదన్నరు. రేపేమయితదో ఎవలకు తెల్వదు. నేను రాళ్ళు మోసుడుకు వోతే నీళ్ళు మోసేది అదే," అంది. ఆ తరువాత నన్ను నిలదీసింది. "సారు, బోరు కొలిసింది మీరే గద? ఎప్పుడు కొలిసిన్రు?"

"సాయంత్రం. బడి అయ్యాక."

"మోటరు బందయినంకనా?"

"అప్పుడే బంద్ అయింది."

ఆమె నా వంక జాలిగా చూసింది. "పాలు పిండినంక పొదుగు వట్టి చూసి, బర్రె ఒట్టిపోయిందంటరా సారు?"

నేను చేతిలోని సుద్దముక్కతో బోర్డు మీద రెండు కొలతలూ, వాటి వేళలూ రాసుకున్నాను. మోటరు మధ్యాహ్నమంతా తోడితే బోరులో నీటిమట్టం దిగుతుంది, రాత్రంతా ఊట ఊరి మళ్ళీ లేస్తుంది. దసరాకు ఉదయం కొలిచి, రెండోసారి సాయంత్రం కొలిచి, రెంటినీ తీసివేసి, ఆ తేడాను కరువు అన్నాను. పదో తరగతి పిల్లవాడు ఈ పని చేసి ఉంటే సున్నా వేసేవాణ్ణి. ఎవరు ఏమి చెప్పినా ఆధారం అడిగే నేను, నా కొలతను మాత్రం ఏమీ అడగలేదు.

బోరు గది తాళంచెవి అధ్యక్షుడి మొలతాడుకే ఉండేది. వెళ్ళి అడిగాను.

"మీరే కొలిసిన్రు, మీరే రాసిన్రు. మీ మాట మీకే నమ్మకం లేదా సారు?" అని నవ్వాడు.

"లేదు," అన్నాను.

మరునాడు కరెంటు రాకముందే ఇద్దరం వెళ్ళాం. తాడు ఆయనే పట్టుకున్నాడు. ఇరవై మూడు బారలు. నమ్మలేక మళ్ళీ దించాడు. మళ్ళీ ఇరవై మూడే. ఇన్ని నెలల్లో నిజంగా పడిపోయింది ఒక్క బార.

ఆయన చాలాసేపు తాడు చుడుతూ కూర్చున్నాడు. "సారు, ఇది మనిద్దరి నడుమనే ఉండనీయుండ్రి. భయముంటేనే జనం నీళ్ళు జాగ్రత్తగ వాడుతరు. వానలు పడినంక చెప్పుకుందం."

ఆ మాటలో తర్కం ఉంది. నా పరువుకు కూడా అదే మేలు. అందుకే ఆ మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. అమావాస్యకు నాలుగు రోజుల గడువుంది. ఆ నాలుగు రోజులూ రకరకాల భయాలు. ఇల్లు ఖాళీ చేయమంటారేమో, పిల్లలు నవ్వుతారేమో, అన్నిటికన్నా ముఖ్యంగా, నిజం చెప్పినా ఎవరికీ పట్టదేమో. వాళ్ళ నల్లాలు వస్తున్నాయి కదా.

అమావాస్యనాడు పిలవని కూటానికి నేనే నాలుగు వాడలకూ కబురు పెట్టాను. వరండా నిండింది. అధ్యక్షుడు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలుచున్నాడు. నేను లేచి, తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు పట్టుకున్నారో, ఇప్పుడు నీరెంత ఉందో చెప్పాను.

వెనుక నుంచి ఒక ముసలాయన, "అంటే సారు ఫేలయిండన్నట్టు!" అన్నాడు. వరండా గొల్లుమంది. ఇంకొకరు, "బెంచి మీద నిలవెట్టుండ్రి!" అన్నారు. నేనూ నవ్వాను. నాలుగు రోజుల బరువు ఆ నవ్వులో దిగిపోయింది.

అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. "నేనేమన్న దొంగతనం చేసిన్నా? నీళ్ళు అమ్ముకున్ననా? రాత్రీపగలూ చేసింది ఎవలికోసం?"

చివరి వాడ ఆమె లేచింది. "లేదన్నా, దొంగవని ఎవలన్నరు? నీ అంత కష్టం ఎవలు జెయ్యలే. గాని అడిగినందుకు మా నల్లా బంద్ చేసినవ్. రేపు నీ జాగల నేను కూసున్నా గట్లనే చేస్త. అందుకే ఎవలికీ గట్ల ఇడిసిపెట్టొద్దు."

ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి కాసేపు పట్టింది, ముడి బిగుసుకుపోయింది. పక్కనున్నాయన సాయం చేయబోతే చెయ్యి తోసేశాడు. చివరికి విప్పి బల్ల మీద పెట్టాడు. "నాకూ నిద్రలేక మూడు నెలలయింది," అన్నాడు, ఎవరినీ చూడకుండా. నేను రాసిన తీర్మానాన్ని నాచేతనే కొట్టివేయించారు. ఎన్నిక అప్పటికప్పుడే జరిగింది. తన వాడ తరఫున ఆయనే మళ్ళీ గెలిచాడు. అధ్యక్ష పదవి మాత్రం నెలకొక వాడకు తిరగాలన్నారు, మొదటి వంతు చివరి వాడకు వచ్చింది. ఆ సాయంత్రమే వాళ్ళ నల్లాకు నీళ్ళు వదిలారు. ఆమె బిడ్డ మళ్ళీ చెలిమెకు పోలేదు.

ఎండలు ముదిరాక నీరు నిజంగానే తగ్గింది. తెల్లవారుజామున, నలుగురు సభ్యుల ఎదుట కొలిచిన లెక్క అది. ఈసారి ఆ లెక్కను ఎవరూ కాదనలేదు. ఎవరి వంతు ఎంత తగ్గించాలన్నదే గొడవ. గిర్ని ఆయన బల్ల గుద్దాడు. పశువులున్న వాడవాళ్ళు తమకు ఎక్కువ కావాలన్నారు. చివరి వాడ ఆమె, "నీ బర్రె తాగుతది, నా బాలింత తాగొద్దా?" అని అరిచింది. రెండు గంటలైనా తేలలేదు. కలం పట్టుకుని నేను వరండా అంచున కూర్చున్నాను. ఏమి రాయాలో నాకు ఎవరూ చెప్పడం లేదు, చెప్పేంత తీరిక కూడా ఎవరికీ లేదు. ఒకప్పుడు విసుగనిపించిన ఆ అరుపుల మధ్య, చాలాకాలం తరువాత, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.