డి విటమిన్ సూదులూ, ఆయన దాహమూ

నాకు రాత రాదు, సంతకం తప్ప. నేను చెబుతాను, రాసేవాళ్ళు నా మాట మెత్తబరచకుండా రాయాలి.

ఎనభైల్లో మా ఆయనకు నెత్తుటి కేన్సర్ వచ్చింది. వరంగల్ దవాఖానలో ఒక పడుచు డాక్టరు నన్ను నిలబెట్టి చెప్పాడు.

"చూడమ్మా, నెత్తుట్ల తెల్లకణాలు పండకుండ పచ్చిగనే పెరుగుతున్నయి. గదే రోగం. వేరే దేశంల గాజుగిన్నెల ఈ కణాలకు డి విటమిన్ కలిపి చూసిన్రు. పెరుగుడు ఆగి పండినయట."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది. మేము మిరప రైతులం. కోతలో పచ్చికాయలు కలిస్తే కుప్పపోసి, గోనెలు కప్పి పండబెడతాం. ఇంటికొచ్చి మరిదికి చెప్పాను. అతను వర్ధన్నపేటలో మందుల దుకాణంలో పనిచేసేవాడు, సూదులు కూడా వేసేవాడు.

"ఎముకలకేసే డి విటమిన్ సూదులు మా దుకాణంల ఉన్నయి వదినా. గిన్నెల పండినయి, మా అన్న ఒంట్ల పండయా?"

"నన్ను గూడ గోనె కప్పుతరా ఏందిరా?" అని మా ఆయన నవ్వాడు.

డాక్టరుకు చెప్పకుండా దినం విడిచి దినం ఒక సూది. నెల తిరిగేసరికి వాంతులు, ఆపైన దాహం. మా వైపు వాంతులయ్యే మనిషికి నీళ్ళు తాగనివ్వరు, పెదవులు తడుపుతారు. నేనూ తడిగుడ్డ అద్దాను. మూడు రోజులు.

"నా బాయిల నీళ్ళు నాకే ఇయ్యవా, దొంగదానా!" అని తిట్టాడు.

"ఇయ్యకు వదినా, మళ్ల కక్కుతడు" అన్నాడు మరిది.

దవాఖానకు తీసుకుపోతే నెత్తురు పరీక్ష చేసి డాక్టరు అరిచాడు.

"డి విటమిన్ ఎక్కువై నెత్తుట్ల కాల్షియం పెరిగింది, గందుకే గీ దాహం! ఎవలేసిన్రు సూదులు? నీళ్ళన్న దండిగ తాపకపోతిరి!"

"డి విటమిన్ ముచ్చట నువ్వే చెప్తివి గద సారూ."

"గిన్నెల సంగతి చెప్పిన. గిన్నెకు వాంతులుంటయా, కిడ్నీలుంటయా? కణాలు పండేటంత మందు మనిషి తట్టుకోడు."

"గా ముక్క గప్పుడే చెప్తే నీ నోరు పడిపోవునా?"

సెలైన్ ఎక్కించారు. రెండో రోజు మా ఆయన పోయాడు.

"ఎట్లయినా పోయే పాణమే వదినా" అంటాడు మరిది ఇప్పటికీ. పోయేదే. దాహంతో పోవాలా?

డాక్టరును తిడతాను, మరిదిని తిడతాను. కానీ ఆ మూడు రోజులూ బిందె నా పక్కనే ఉంది, చెంబు నా చేతిలోనే ఉంది. అది కూడా రాయండి.