ఇకామా ఫోటోకి సరిపడా నలుపు

ఆ రోజుల్లో సౌదీ నుంచి సెలవు మీద ఇంటికి పోయే ప్రతివాడూ రెండు నెలల ముందే ముఖం మీద యుద్ధం ప్రకటించేవాడు. మా జుబైల్ క్యాంపులో ఒకడు పెరుగు పట్టించేవాడు, ఒకడు శనగపిండి రుద్దేవాడు, ఇంకొకడు గొట్టంలో వచ్చే ఏదో తెల్ల క్రీము పూసుకుని, అద్దం ముందు నిలబడి, పూతకీ చర్మానికీ తేడా తెలియక మురిసిపోయేవాడు. అందరూ అలా తెలుపు కోసం తపస్సు చేస్తుంటే, ఒక చలికాలమంతా నలుపు కోసం నానా తంటాలు పడిన ఏకైక తెలుగువాణ్ణి నేను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నా ఉద్యోగమూ, పెళ్లీ రెండూ ఆ నలుపు మీదే ఆధారపడి ఉండేవి.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. జగిత్యాల పక్క నుంచి పైప్ ఫిట్టరుగా వెళ్లాను. సౌదీలో మనం ఉండడానికి ఇచ్చే గుర్తింపు పుస్తకాన్ని ఇకామా అంటారు. అది జేబులో లేకుండా క్యాంపు గేటు దాటకూడదు. (స్నానాల గదికి కూడా దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పోయే మహానుభావుడు ఒకడు మా దగ్గర ఉండేవాడు.) కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దూరిన ఆ వేసవిలోనే నా ఇకామా రెన్యూవల్‌కి వచ్చింది. సైటు నుంచి నేరుగా తీసుకుపోయి ఫోటో దింపించారు. నాలుగు నెలలు ఎండలో పైపుల మీద కాలిన ముఖం. హెల్మెట్ అంచు పైన నుదురంతా తెలుపు, కిందంతా నలుపు. ఆ నలుపులో హెల్మెట్ పట్టీ ఉండే చోట మాత్రం రెండు చెవుల నుంచి గడ్డం దాకా రెండు తెల్లటి చారలు. మా గదిలో ఉండే పెద్దన్న (సొంత అన్న కాదు, మా జిల్లావాడే, వయసులో పెద్ద కాబట్టి క్యాంపంతటికీ పెద్దన్న) ఆ ఫోటో చూసి, "గీండ్ల నువ్వేడున్నవ్ రా తమ్మీ? పండ్లు, రెండు గీతలు తప్ప ఏం కనవడ్తలే" అన్నాడు.

వేసవి పోయింది. ఇంటర్ దాకా చదివిన పుణ్యానికి నన్ను టూల్ రూములో వేశారు. స్పానర్లు ఇవ్వడం, తీసుకోవడం, పుస్తకంలో రాయడం. రోజంతా ఏసీ. రెండు నెలలు తిరిగేసరికి నా అసలు రంగు నాకే తెలిసొచ్చింది. ఆ సంబరంలో, ఒక మలయాళీ స్టూడియోవాడి దగ్గర ఉన్న కోటు తొడుక్కుని ఫోటో దిగి ఇంటికి పంపాను. మా అక్క అప్పటికే మెట్‌పల్లి దిక్కున సంబంధం ఒకటి చూస్తోంది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది: పిల్లగాడు తెల్లగా ఉన్నాడని వాళ్లు ఖుషీ అయ్యారు, ఎండాకాలంలో ముహూర్తం, కడమ మాటలు వచ్చినాక. పిల్ల ఫోటో పంపలేదు, పేరు మాత్రం రాసింది. ఆ పేరును టూల్ రూము పుస్తకంలో చివరి పేజీలో ఎన్నిసార్లు రాసుకున్నానో చెప్పడానికి ఈ వయసులో సిగ్గుగా ఉంది.

సరిగ్గా ఆ వారంలోనే చెక్‌పోస్టు దగ్గర పట్టుబడ్డాను. యుద్ధం వస్తుందని అందరికీ తెలిసిపోయింది, దారి పొడుగునా చెక్‌పోస్టులు పెట్టారు. శుక్రవారం బజారుకని బస్సులో వెళ్తుంటే ఒక పోలీసు ఎక్కాడు. నా వయసే ఉంటుంది, కొత్త మీసం. నా ఇకామా తెరిచి ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "హాదా ఇంతా?" అన్నాడు. అంటే ఇది నువ్వేనా అని. రెండేళ్లుగా అక్కడ ఉంటున్నవాణ్ణి, ఆ రెండు ముక్కలు అర్థం కాకపోవడమేమిటి, అయ్యాయి. కానీ అతని నడుముకున్న తుపాకీ చూసేసరికి నేర్చుకున్న అరబీ అంతా ఎగిరిపోయి, మా జగిత్యాల ఉర్దూ తన్నుకొచ్చింది. రెండు చేతులూ జోడించి, "మాఫీ సాబ్, మాఫీ" అన్నాను. మా ఊళ్లో మాఫీ అంటే క్షమించమని. వాళ్ల దగ్గర మాఫీ అంటే లేదు, కాదు అని. ఇది నువ్వేనా అని అడిగితే కాదు బాబూ కాదు అని, నేను నేను కానని నేనే చేతులు జోడించి మరీ సాక్ష్యం చెప్పానన్నమాట! అతను ఇంకోసారి అడిగాడు. నేను ఇంకా గట్టిగా మాఫీ చెప్పుకున్నాను.

పొద్దున దింపితే సాయంత్రం అసర్ నమాజు దాకా చెక్‌పోస్టు రేకుల షెడ్డులో కూర్చోబెట్టారు. కంపెనీ తరఫున కాగితాల పనులు చూసే మనిషిని మందూబ్ అంటారు, మా మందూబ్ సూడాన్ ఆయన. ఆయన వచ్చి సంతకం పెట్టి విడిపించాడు. దారి పొడుగునా తిట్టాడు. ఫోటో మార్పించమంటే, పాస్‌పోర్టు ఆఫీసులో ఇప్పుడు కువైట్ నుంచి వచ్చినవాళ్ల పనికే దిక్కు లేదు, యుద్ధం సంగతి తేలేదాకా కొత్త ఫోటో ఊసెత్తవద్దన్నాడు. చివరికి అరబీ, హిందీ కలిపి తేల్చి చెప్పాడు: "ఇంకోసారి పట్టుకుంటే నేను రాను. ఎగ్జిట్ కొట్టి పంపిస్తారు. ఫోటో మారదు, నీ ముఖం మార్చుకో!" ఎగ్జిట్ అంటే మళ్లీ రావద్దని పంపేయడం. సౌదీ ఉద్యోగం చూసి కుదిరిన సంబంధం, ఎగ్జిట్ మీద దిగిన పెళ్లికొడుకుని గడప తొక్కనిస్తుందా?

పెద్దన్న మాత్రం తాపీగా, "గిదేం బుగులురా? నల్లగైతే అయిపాయె. ఆవనూనె రాసుకొని ఎండల గూసో" అన్నాడు. రాసుకుని, మరుసటి శుక్రవారం మిట్టమధ్యాహ్నం మూడు గంటలు కూర్చున్నాను. సాయంత్రానికి ముఖం మంట, మూడోరోజుకి తోలు పొరలు పొరలుగా ఊడి, కింద నుంచి ముందుకంటే లేత రంగు బయటపడింది. ఫోటోకీ నాకూ దూరం ఇంకా పెరిగింది.

ఇక సిగ్గు విడిచి క్యాంపు క్లినిక్కుకి వెళ్లాను. డాక్టరుగారు గుంటూరాయన. నా కథంతా విని కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇరవయ్యేళ్లుగా వైద్యం చేస్తున్నానయ్యా. తెల్లబడడానికి మందడిగినవాళ్లు కోకొల్లలు. నల్లబడడానికి అడిగినవాడివి నువ్వొక్కడివే" అన్నారు. తర్వాత మాత్రం నిజంగానే శ్రద్ధగా చెప్పారు. "నల్లబడాలా, మాడిపోవాలా? రెండూ ఒకటి కాదు. తోలు ఊడనీ, మానాకే మొదలెట్టు. పొద్దున లేత ఎండలో పదిహేను నిమిషాలు, వారం పోయాక ఇంకో అయిదు. అంతకుమించి ఒక్క నిమిషం కూర్చున్నా నా దగ్గరికి రావద్దు. నూనెలూ గీనెలూ వద్దు. నీళ్లు బాగా తాగు. వచ్చాక చల్లటి నీళ్లతో కడుక్కుని కాస్త వ్యాజిలైన్ రాసుకో. చర్మం ఎర్రబడితే ఆ రోజుకి బంద్. కళ్లు మూసుకో. ఇదంతా ఎగ్జిట్ భయానికి చెప్తున్నానుగానీ, ముచ్చటకైతే చెప్పనయ్యా" అన్నారు. నేను సరే సార్ అని లేవబోతుంటే, ఫోటో మళ్లీ ఒకసారి చూసి, "మరి ఈ చారల సంగతేంటి?" అన్నారు.

చారలు! ఉత్త నలుపు చాలదు, చారలున్న నలుపు కావాలి. అందుకని ఆ చలికాలమంతా డ్యూటీకి ముందు టూల్ రూము వెనకాల, హెల్మెట్ పెట్టుకుని, పట్టీ గడ్డం కింద బిగించి, కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ణి. కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం, చపాతీ తిప్పినట్టు ముఖం తిప్పుకుంటూ. ఒకరోజు సేఫ్టీ ఆఫీసరు అటుగా వచ్చాడు. డ్యూటీ లేని సమయంలో కూడా హెల్మెట్ తీయని కార్మికుణ్ణి ఆయన జన్మలో చూసి ఉండడు. మరుసటి మీటింగులో అందరి ముందూ నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించి, ఒక థర్మాస్ ఫ్లాస్కు బహుమతి ఇచ్చాడు. పెద్దన్న నవ్వాపుకోలేక దగ్గుతూ బయటికి పోయాడు.

నిజం చెప్పాలంటే ఆ పదిహేను నిమిషాలు నాకు ప్రాణమైపోయాయి. లేత ఎండ, సముద్రం మీదుగా వచ్చే చల్లగాలి, మూసిన కళ్ల వెనకాల చూడని పిల్ల. ఈ ముఖం చూసి ఆమె ఏమనుకుంటుందో అన్న దిగులు ఒక పక్క, ముఖం ఇలా లేకపోతే ఆమెను చూడనే చూడనన్న దిగులు ఇంకో పక్క. తెల్లని ఫోటో ఆమె దగ్గర, నల్లని ఫోటో పోలీసుల దగ్గర, మధ్యలో నేను.

యుద్ధం మొదలైంది. సైరన్లు, కిటికీలకు టేపులు, తలుపుల కింద తడి తువ్వాళ్లు. భయపడ్డాం, ఏడ్చినవాళ్లూ ఉన్నారు, ఆ సంగతులు వేరే. నా సొంత కష్టం మాత్రం తర్వాత వచ్చింది. కువైట్‌లో నూనె బావులు తగలబడి ఆ పొగ మా మీదికి వచ్చాక ఎండే పోయింది! పగలంతా మబ్బు పట్టినట్టు చీకటి. వారం, రెండు వారాలు, అద్దంలో చారలు కరిగిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే మందూబ్ కబురు పంపాడు: పాస్‌పోర్టు ఆఫీసు కుదుటపడింది, ఫోటో మార్పించి సెలవు కాగితాలు కూడా చేయిస్తాను, రేపు దమ్మామ్‌లో ఆ ఆఫీసుకి రా అని. రమ్మన్నది సరే, మధ్యలో చెక్‌పోస్టు! పెద్దన్న పాలు లేని సులేమానీ చాయ్ ఇంత చక్కెర వేసి చిక్కగా కాచి ముఖానికి పట్టిద్దామన్నాడు. పట్టించుకున్నాను కూడా. బస్సెక్కేలోపే చెమటకి సగం, ఈగలకి సగం పోయింది.

చెక్‌పోస్టులో అదే పోలీసు. ఇకామా తీసుకున్నాడు. తలెత్తి చూస్తే అతని ముఖం నల్లగా ఉంది, డ్రైవరు ముఖం నల్లగా ఉంది, బస్సులో అందరి ముఖాలూ నల్లగానే ఉన్నాయి. పొద్దుటినుంచి ఆకాశం నుంచి జిడ్డు మసి రాలుతోంది. అతను ఫోటో చూసి, నన్ను చూసి, తన చెంప మీద వేలితో రాసుకుని ఆ మసి నాకు చూపించి పెద్దగా నవ్వాడు. "సేమ్ సేమ్" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడూ ఆ యుద్ధం రోజుల్లో నాలాగే భయపడి ఉంటాడని అప్పుడు తోచింది.

పది రోజులకి మెట్‌పల్లి పక్కన ఆ ఊళ్లో, వాళ్లింటి ముందర మంచం మీద కూర్చున్నాను. మసి కడిగితే పోయిందిగానీ, డాక్టరుగారి పదిహేను నిమిషాల నలుపు, చారల ఆనవాళ్లు ఇంకా కొంచెం మిగిలే ఉన్నాయి. పిల్ల తండ్రి కోటు ఫోటో తెచ్చి నా ముఖం పక్కన పెట్టి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. "ఏం పిలగా, గీ ఫోటోల ఉన్నది నువ్వేనా?" అని అడిగాడు. మా అక్క ముఖం పాలిపోయింది. ఈసారి తెలుగులోనే జవాబు చెప్పాను, నేనే అని. ఆగకుండా మొత్తం చెప్పేశాను. చెక్‌పోస్టు, మాఫీ, హెల్మెట్, చపాతీ, ఫ్లాస్కు, చాయ్, ఈగలు. పెద్దమనుషులెవరూ నవ్వలేదు. తలుపు వెనకాల నుంచి మాత్రం ఒక నవ్వు వినిపించింది, ఆపుకోవాలని చూసి ఆపుకోలేని నవ్వు. తర్వాత ఆ గొంతే, "ఎండల జేసెటోళ్లు నల్లగ గాకుంటే ఎట్లుంటరే అవ్వా? నీడకుంటె గదే పోతది" అంది. తండ్రి ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

ముప్పై ఏళ్లు దాటాయి. పోయిన నెల మా ఊరి డాక్టరు ఒంట్లో డి విటమిన్ లేదని, రోజూ పొద్దున ఎండలో కూర్చోమన్నాడు. డాబా మీద కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుంటే, చూడని పిల్ల కోసం ఎండ కాగిన ఆ ఇరవై నాలుగేళ్లవాడు గుర్తొస్తాడు. పాపం, ఎంత భయపడ్డాడో, ఎంత ఆశపడ్డాడో. వాణ్ణి కాసేపు పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. ఈలోపు కింద నుంచి కేక వస్తుంది, "ఇగ సాలు, దిగి రా. మల్ల నల్లగైతవ్!" అయితే ఏం, చూసేదానివి నువ్వేగా అంటాను నేను. దానికీ నవ్వుతుంది, ఆపుకోవాలని చూసి.