పద్మకు చెప్పని మాట

పంతొమ్మిదేళ్లు ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. అది నాది కాదు. పద్మకు చేర్చమని నాకు అప్పగించిన మాట. మీకు నేనెవరో తెలియదు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

సెంటినరీ కాలనీలో మా క్వార్టర్లు ఎదురెదురుగా ఉండేవి. మా నాన్నలిద్దరిదీ ఒకే బొగ్గు గని, ఒకే షిఫ్టు. పద్మ నాకంటే ఏడాది పెద్దది. నాకు జడ వేసేది. నాకు జ్వరమొస్తే తనూ బడి ఎగ్గొట్టేది. అలాంటి మనిషికి నేను చేసిన పని వినండి.

మాకు విలువిద్య నేర్పింది రాజయ్య కాక. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. వెదురు విల్లుకు లోపలి వైపు ఇంకో బద్ద కట్టి గట్టి విల్లు చేసేవాడు. దానికి బాణం పెట్టకూడదు. నారిని చెంప దాకా లాగి, పది లెక్కపెట్టి, మెల్లగా వదలాలి. చేతితో కాదు, వీపుతో లాగడం అలా వస్తుంది. పద్మ ఆ విల్లును ఎంత అందంగా లాగేదో! నేను నాలుగు లెక్కపెట్టేసరికే వంకర తిరిగిపోయేదాన్ని.

జిల్లా నుంచి రాష్ట్ర పోటీలకు ఒక్కరినే పంపుతారు. ఎంపికకు పది రోజులుందనగా కాకకు ఒంట్లో బాగాలేక దవాఖానలో చేరాడు. వెళ్తూ వెళ్తూ, రేపటి నుంచి ఇద్దరూ గట్టి విల్లు ముట్టొద్దని, భుజాలకు విశ్రాంతి కావాలని, ఊళ్లో లేని పద్మకు కూడా చెప్పమని నాతో అన్నాడు. నేను ఆ విల్లు లాగడం ఆపేశాను. పద్మకు చెప్పలేదు.

మరిచిపోయానా? లేదు. రోజూ గుర్తుంది. గ్రౌండులో ఆమె చెమటలు కక్కుతూ ఆ విల్లు లాగుతుంటే పక్కనే కూర్చుని నీళ్లు కూడా అందించాను. ఆమె ఓడిపోవాలని కోరుకున్నానా, నేను గెలవాలని మాత్రమే కోరుకున్నానా? ఇన్నేళ్లూ ఈ రెండింటికీ తేడా ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను. లేదు.

ఎంపిక రోజు పద్మ నారిని చెంప దాకా లాగలేకపోయింది. బాణాలు గడ్డిలో పడ్డాయి. రాష్ట్ర పోటీలకు నేను వెళ్లాను, మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టాను. కాక ఇంటికొచ్చాక నన్ను పిలిచాడు.

"పద్మకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన కాక. ఇనలే."

"నా మాట ఇనని పిల్ల కాదే అది," అన్నాడు. పద్మను ఒక్క మాట అడగలేదు, మళ్లీ ఆమెకు విల్లూ కట్టివ్వలేదు. ఓడినందుకే కాక తనను వదిలేశాడని ఆమె అనుకుంది. రెండేళ్లకు ఆయన పోయాడు.

ఇప్పుడు పద్మ కాలనీ పిల్లలకు విలువిద్య నేర్పుతోంది. మా అమ్మాయికి కూడా. తను గట్టి విల్లు తక్కువ లాగడం వల్లే ఓడిపోయానని ఆమె నమ్మకం. అందుకే పిల్లల చేత పోటీ ముందు రోజు దాకా అదే లాగిస్తుంది. ఆ సంగతి వచ్చినప్పుడల్లా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ చాయ్ పెట్టడానికి లేచేదాన్ని. మొన్న ఆదివారం మా అమ్మాయి తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తలేకపోయింది. వారంలో పోటీ ఉంది.

పద్మ ఇంటికి వెళ్లాను. పోటీ ముందు గట్టి విల్లు ఆపాలని ఎవరో అన్నారని చెప్పి బయటపడదామనుకున్నాను. కానీ ఆమె ముఖం చూశాక 'ఎవరో' అన్న మాట నోట రాలేదు. కాక అన్నాడని చెప్పాను. నీకు చెప్పమన్నాడని చెప్పాను. నువ్వు వినలేదని ఆయనతో అన్నది కూడా నేనేనని చెప్పాను.

పద్మ చేజారిన పోటీ గురించి అసలు అడగలేదు.

"కాక నా మీద కోపంతోనే పోయిండా?" అంది.

"కోపం కాదే. నీ రంధితోనే, నిన్నే తలుసుకుంట పోయిండు," అన్నాను.

ఆమె లేచి గ్రౌండుకు వెళ్లి, పిల్లల చేత గట్టి విల్లులు పక్కన పెట్టించింది. మళ్లీ నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరి కూడా నిండుగా ఆడింది. క్షమించమని మాత్రం అడగలేదు. పద్మ సంగతి నాకు తెలుసు, అడిగితే క్షమించేస్తుంది.