కోడిగుడ్డు వేడి

నీలావతి కాళ్ళకు కళ్ళున్నాయని ధర్మవరంలో మా వీధివాళ్ళు అనేవారు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, కిందికి చూడకుండానే ఏ చెక్క తొక్కాలో ఆ చెక్కే తొక్కేది. పెళ్ళిచీర కొంగు నేస్తూ కూడా వాకిట్లో పోయేవాళ్ళతో మాట్లాడేది. అలాంటిది ఒక మధ్యాహ్నం తన కుడికాలు ఏ చెక్క మీద ఉందో తనకే తెలియలేదు. కాలు ఉంది, చెక్కా ఉంది. మధ్యలో కబురు అందడం లేదు.

ముందు చూసిన డాక్టరు నరాల బలహీనత అన్నాడు, మంచం దిగొద్దన్నాడు. దిగకుండా పడుకుంటే రెండో కాలు కూడా బరువెక్కింది. చివరికి హిందూపురానికి నెలకోసారి వచ్చే నరాల డాక్టరు స్కాన్ తీయించి, మెదడులో మచ్చలున్నాయని, దీన్ని మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటారని చెప్పాడు. కరెంటు తీగ మీది రబ్బరు ఊడినట్టు నరం మీది పొర ఊడిపోతుందట.

"ఒకప్పుడు జబ్బు తిరగబెట్టినప్పుడే నష్టం అనుకునేవాళ్ళం. ఇప్పుడలా అనుకోవడం లేదమ్మా. ఇది నివురుగప్పిన నిప్పు. పైకి బాగున్నట్టున్నా లోపల రగులుతూనే ఉండొచ్చు. అందుకే మందు మానకూడదు. పడుకోమని కూడా ఇప్పుడు చెప్పం. పని చేసుకో, నడువు, అలసిపోకముందే ఆగు. వేడి మాత్రం నీకు పడదు, జాగ్రత్త," అన్నాడు.

పక్కన కూర్చున్న భర్త గంగాధరప్ప ఇందులో రెండు మాటలు మూటగట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఏమన్నాడు?" అని వాకిట్లోనే అడిగింది అతని తల్లి లక్ష్మీదేవమ్మ.

"నివురుగప్పిన నిప్పంటమ్మా. వేడి పడదంట."

"నేను ముందే చెప్పలేదా? ఈ పిల్లకు ఒంట్లో వేడి. పుట్టింట్లో గుడ్లు తిని తిని పెరిగుండాది!"

ఆ రోజే గుడ్డు, కోడి, మామిడిపండు, నువ్వులు, బెల్లం ఆగిపోయాయి. చెనిక్కాయలు నూరి చేసే పచ్చడి, ఊరిబిండి కూడా ఆగింది. మజ్జిగ, సబ్జా నీళ్ళు, బూడిద గుమ్మడి మొదలయ్యాయి. చలవ చేసేవన్నీ కడుపులోకి పంపి, నీలావతి ఎండాకాలమంతా రేకుల కప్పు కింద మగ్గం నేసింది.

మధ్యాహ్నమయ్యేసరికి కాలు తెలియకుండా పోయేది. సాయంత్రానికి తిరిగొచ్చేది. పోయిన ప్రతిసారీ జబ్బు తిరగబెట్టిందనే అనుకునేది. మజ్జిగ చెంబుడు తాగినా పోయింది. దొంగతనంగా ఊరిబిండి నాకిన రోజు మాత్రం బాగుంది. ఆ రోజు మబ్బు పట్టింది. కానీ తిండిని లెక్కలోకి తీసుకున్నట్టు మబ్బును ఎవరు తీసుకుంటారు? ఫోన్లో చూస్తే ఒకాయన పరుగెత్తమన్నాడు, ఇంకొకామె కదలొద్దంది, మూడోవాడు ఏదో ఆకు నూరి తాగమన్నాడు. అందరూ నమ్మకంగానే చెప్పారు.

కాలు తప్పితే చీరలో తప్పు పడుతుంది. అలా వరసగా పడ్డాక గంగాధరప్ప మెల్లగానే అన్నాడు: "ఈ పడుగు అయిపోతానే తాడిమర్రి నుండి బాలాజిని పిలిపిస్తా. మగ్గం వాడు నేస్తాడు. నువ్వు వంట చూసుకో సాలు."

పొయ్యి దగ్గర నిలబడితే కాలు ఇంకా తొందరగా పోతుందని నీలావతి చెప్పలేదు. చెబితే ఆ పనీ ఉండదు.

మగ్గం మీది పడుగు దారాలు చివరికొచ్చిన రోజుల్లో పెనుకొండలో అన్న తిరుపాల్ కొడుకుకు పుట్టువెంట్రుకలు తీస్తుంటే నీలావతి వెళ్ళింది. కొండకింద వాళ్ళది పాత బండలిల్లు. భోజనాల దగ్గర వదిన ధనలక్ష్మి కోడికూర గరిటెతో వచ్చి నిలబడింది.

"వద్దొదినా, నాకు వేడి పడదు."

"యాడి వేడి? ఈ ఇంట్లో కూసుంటే కోడి గూడా సల్లగైతాది. తిను!"

తినేసింది. గుడ్డు కూడా. తిన్నాక కాలు ఎప్పుడు పోతుందా అని గోడకానుకుని కూర్చుంది. పోలేదు. మరునాడు మధ్యాహ్నం కూడా పోలేదు. సంతోషించాలో, ఇది కొత్త రకం జబ్బని భయపడాలో అర్థం కాలేదు. ఆ మర్నాడు డాక్టరు వచ్చే రోజు కావడంతో అటునుంచటే హిందూపురం రైలెక్కింది.

"గుడ్డు తిన్నా సార్. అయినా కాలు పోలా."

"గుడ్డెందుకు మానేశావమ్మా?"

"వేడి పడదన్నారు గదా సార్ మీరే!"

డాక్టరు కళ్ళజోడు తీసి తల పట్టుకున్నాడు. "ఎండ వేడమ్మా. పొయ్యి వేడి, జ్వరం వేడి. తిండి వేడి కాదు."

"మరి నివురుగప్పిన నిప్పు?"

"అది పోలిక. ఉత్త పోలిక."

"మీ పోలిక కోసరం ఎండాకాలమంతా గుడ్డు ముట్టలేదు సార్ నేను!"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత ఒక్కో మాటా ఆమెతో తిరిగి చెప్పించాడు. ఎండకు కాలు పోయి ఒళ్ళు చల్లబడగానే తిరిగొస్తే అది జబ్బు తిరగబెట్టడం కాదు. ఒక రోజు దాటినా రాకపోతే వెంటనే ఫోన్ చేయాలి. లోపల రగిలేదాన్ని మందు చూసుకోవాలి, దాని సంగతి స్కాన్ చెప్పాలి. అది కాలు చెప్పగలిగేది కాదు.

అన్నీ అర్థమయ్యాయి, ఆ చివరిది తప్ప. తన ఒంట్లో ఉన్న నిప్పు తనకు తెలియకపోవడమేమిటి?

ఇంటికొచ్చేసరికి బాలాజి సంచితో అరుగు మీద ఉన్నాడు. కొత్త పడుగు ఎక్కించి ఉంది.

"ఒక్క రోజు నన్ను కూసోనీ. తప్పు పడితే నేనే లేస్తా," అంది నీలావతి భర్తతో.

మరునాడు తెల్లవారకముందే మగ్గంలో కూర్చుంది. ఎండ ముదిరాక కాలు పోయింది. చెక్క తొక్కకుండా ఆపేసి, పైకొచ్చి, తల మీద, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చుంది.

"కాలు పోతే మెడకు గుడ్డ! పంటి నొప్పికి మోకాలికి మందు రాసినట్టుండాది," అంది లక్ష్మీదేవమ్మ.

"అక్కా, నేను గుంతలోకి దిగాల్నా వద్దా?" అన్నాడు బాలాజి.

"టీ తాగబ్బా. కాలు యాడికో పోయింది, వస్తాది."

గంగాధరప్ప దగ్గరికొచ్చాడు. మగ్గం మీది బట్టను వెలుగులోకి వంచి చూశాడు. తప్పు లేదు. చాలాసేపటికి నీలావతి బొటనవేలు కదిలింది. తర్వాత నేల చల్లదనం తెలిసింది. మళ్ళీ గుంతలోకి దిగింది. కాలు చెక్కను వెతుక్కుని పట్టుకుంది.

ఆ పూట అత్త ఆమెకు ఉడికించిన గుడ్డు పెట్టి, పక్కనే పెద్ద గ్లాసుతో మజ్జిగ కూడా పెట్టింది. "డాక్టరు మాట డాక్టరుదే. నా భయం నాది," అంది.

బాలాజి సంచి భుజానికెత్తుకున్నాడు. "రేపు రావాల్నా అక్కా?"

నీలావతి భర్త వైపు చూసింది. అతను మగ్గం వైపు చూస్తున్నాడు.

"పొద్దున కాలునడిగి ఫోన్ చేస్తాలే," అంది.