మంట నేల మీద పెట్టరాదు

నేషనల్ డే సెలవులకు ఎర్ర దిబ్బల్లో గుడారాలు వేయకూడదని, పొద్దు గూకితే బండ్లను లోపలికి వదలరని ఆ ఏడు ఫోన్లలో మెసేజ్ తిరిగినప్పుడు మా రూంలో అందరికీ ఒకేసారి నోరు లేచింది. ఎడారికి కూడా తాళం వేస్తారా అన్నాడు ఒకడు. ఏడాదికోసారి దొరికే సెలవు, అక్కడ కూడా గేటేనా అన్నాడు ఇంకొకడు. నేను మంచం మీద కూర్చుని సాక్సులు మడత పెట్టుకుంటున్నాను. మామూలుగా అయితే అందరికంటే ముందు అరిచేవాణ్ణి నేనే. నా నోరు మంచిది కాదని దుబాయ్ అల్ వర్సాన్‌లో మా గోదాములో లోడింగ్ చేసేవాళ్లందరికీ తెలుసు. ఆ రోజు నేను మాట్లాడకపోయేసరికి ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

బాగానే ఉంది. ఆ నియమాలు ఎందుకు పెట్టారో ఆ రూంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, అంతే.

నన్ను దుబాయ్ తెచ్చింది మా బావ, అక్క భర్త. ఖోర్ ఫక్కాన్ పోర్టు నుంచి కంటైనర్లు తెచ్చే ట్రైలర్ నడిపేవాడు. నేను గోదాములో స్టోర్ కీపర్ని. వారానికి రెండుసార్లైనా ఆయన బండి మా గేటు ముందుకు వచ్చేది. "ఏం రా బామ్మర్ది, డబ్బాలు లెక్కవెట్టుడేనా, ఎన్నడన్న మోసుడున్నదా?" అని లోడింగ్ వాళ్ల ముందే నా పరువు తీసేవాడు. నేనూ తక్కువ తినలేదు. "నీ లెక్క కూసున్న కాడికి జీతం వచ్చే నౌకరి నాకు దొరకలే బావా" అనేవాణ్ణి. కూర్చుని నడిపీ నడిపీ ఆయన పొట్టతో పాటు షుగర్‌నూ పెంచుకున్నాడు. అక్క ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మీ బావ గోలీలు వేసుకుంటున్నాడా, చెప్పులు లేకుండా నడుస్తున్నాడా అని ఆరా తీసేది. ఆడవాళ్ల చాదస్తం అనుకుని అన్నిటికీ ఊఁ కొట్టేవాణ్ణి.

బావకు దిబ్బలంటే పిచ్చి. ఖోర్ ఫక్కాన్ కొండలు దిగి దుబాయ్ వైపు వచ్చేటప్పుడు దారి పక్కన ఆ ఎర్ర ఇసుక చాలా దూరం కనబడుతూనే ఉంటుంది. కానీ అంత పెద్ద ట్రైలర్‌ను అక్కడెక్కడా ఆపడానికి లేదు. "ఏడాదంత పక్కపొంటి పోతనే ఉంట రా. ఒక్క దినమన్న దాంట్ల కాలు వెట్టాలె" అనేవాడు. అందుకే సెలవు వస్తే చాలు, ఎవరిదో ఒకరి పికప్ అడుక్కుని, కోడికి మసాలా పట్టించి, చాపా నీళ్ల డబ్బా వేసుకుని బయలుదేరేవాళ్లం. కరోనా వచ్చిన చలికాలం ఒకే కుటుంబం వాళ్లయితేనే వదులుతామన్నారు. మాది ఒకటే కుటుంబం, బావా బామ్మర్దులం అని చెప్పినా గేటు దగ్గరివాడు నవ్వి వెనక్కి పంపాడు. బావ దారంతా చిన్నపిల్లవాడిలా అలిగి కూర్చున్నాడు.

ఆ మరుసటి ఏడు వదిలారు. పగలు ఉండొచ్చు, రాత్రి గుడారం వేయకూడదు, పొద్దు గూకే మగ్రిబ్ నమాజు వేళకు ఖాళీ చేయాలి అన్నారు. దారి మొదట్లో పెద్ద బోర్డు పాతారు. అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ మూడింటిలో రాసి, చదువు రానివాళ్ల కోసం బొమ్మలు కూడా వేశారు. మంట నేల మీద పెట్టరాదు. ఇనుప స్టాండులోనే పెట్టాలి. నిప్పులను ఇసుకలో పూడ్చరాదు. నేను నడుపుతున్న పికప్‌ను ఆ బోర్డు పక్కన నెమ్మది చేసినప్పుడు మొత్తం చదివాను. బావ అప్పుడు వెనక్కి తిరిగి, జారిపోతున్న చాపను సర్దుతున్నాడు.

స్టాండు తెమ్మని ఆయన నాకు ముందు రోజే చెప్పాడు. నేను మర్చిపోయాను. గోదాము వెనక నుంచి రెండు ఇటుకలు, ఒక జాలీ ముక్క తెచ్చాను. "గిట్లనేనా నువ్వు స్టోర్ నడిపేది?" అని తిట్టి, మళ్లీ తనే ఇసుక తవ్వి ఇటుకలు పేర్చాడు. అక్కడ అంతకుముందు వచ్చినవాళ్లు వదిలేసిన నల్ల బొగ్గులు కనబడితే ఏరి అవతల పడేశాడు. కోడి కాల్చుకున్నాం, తిన్నాం. అవతలి దిబ్బ మీద పెద్ద టైర్ల బండ్లు ఎగిరి దూకుతుంటే చూస్తూ ఏదేదో మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తు లేదు. అది తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పొద్దు వాలుతుండగా బావ బూట్లు, సాక్సులు విప్పి చేత పట్టుకున్నాడు. "మీ అక్కకు చెప్పకు. గీ ఇసుక మెత్తగుంటది" అని దిబ్బ ఎక్కాడు, పైనుంచి ఆమెకు వీడియో కాల్‌లో సూర్యుణ్ణి చూపిద్దామని. పోతూ పోతూ, నిప్పుల మీద నీళ్లు పోసి, చల్లారాక సంచిలో ఎత్తమన్నాడు.

నీళ్లున్నాయి. డబ్బా సగానికి పైగా ఉంది. మూత తీశాను కూడా. అప్పుడే గార్డు బండి పక్క దిబ్బ మలుపు తిరుగుతూ కనబడింది. నీళ్లు పోస్తే బుస్సుమని తెల్లటి పొగ లేస్తుంది, వాడు చూస్తాడు, నేల మీద మంట పెట్టినట్టు దొరికిపోతాం. నాకు అంతవరకే తట్టింది. ఇటుకలు, జాలీ పికప్‌లో పడేసి, రెండు చేతులతో ఇసుక లాగి నిప్పుల మీద కప్పాను. ఊళ్లో పొయ్యి ఆర్పాలంటే మట్టి కప్పడమే నాకు తెలుసు. పైన చేత్తో చదును చేశాను. ఏమీ తెలియకుండా శుభ్రంగా కుదిరింది. ఎంత తెలివైనవాణ్ణి అనుకున్నాను.

గార్డు దిగి నా దగ్గరికి వచ్చాడు. అరబ్బీ కలిసిన హిందీ. వాడు అడిగినదానికి నేను నీళ్లు నమలడం పైనుంచి చూసి బావ ఫోన్ పెట్టేసి, బూట్లు చేతిలోనే పట్టుకుని గబగబా దిగొచ్చాడు. వచ్చి నాకూ వాడికీ మధ్యలో నిలబడ్డాడు. సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

"ఆగ్ జలాయా? నీచే?" అన్నాడు గార్డు, కింద మంట పెట్టారా అని.

"నహీ భాయ్, స్టాండ్ మే" అన్నాడు బావ. నా భుజం మీద చెయ్యి వేశాడు. "యే మేరా సాలా హై. ఇస్కో పూఛో. గోదాం మే ఏక్ కీల్ భీ ఇధర్ ఉధర్ హోనే నహీ దేతా."

గోదాములో ఒక్క మేకును కూడా అటూ ఇటూ కానివ్వడట బామ్మర్ది. గార్డు నవ్వాడు. వాడిది ఏ ఊరో, పిల్లలెందరో బావ అడిగాడు, వాడు చెప్పాడు. ఐదారు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను బావ పాదాల వైపే చూస్తున్నాను. పక్కకు రా బావా అనడానికి నోటి దాకా వచ్చింది. కానీ ఆయన కదల్లేదు, ముఖం చిట్లించలేదు. హాయిగా నిలబడి నవ్వుతున్నాడు. అయితే చల్లారిపోయిందన్నమాట, ఇంత ఇసుక కప్పాను కదా అనుకున్నాను. షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారిపోతాయని, నిప్పు మీద నిలబడినా తెలియదని నాకు తెలియదు. తెలిస్తే మాత్రం అరిచేవాణ్ణా, గార్డు ముందు? అరిచేవాణ్ణనే అనుకుంటాను. గట్టిగా చెప్పలేను.

యల్లా, జల్దీ ఖాళీ చేయండి అని గార్డు వెళ్లిపోయాడు. బావ ఇసుక దులుపుకుని సాక్సులు, బూట్లు వేసుకున్నాడు. రూంకు చేరాక సాక్సు ఊడి రాలేదు. లాగితే చర్మం దానితో పాటు వచ్చింది. ఆయన పాదాన్ని రెండు చేతులతో తిప్పి చూసుకుంటూ, "గిదెప్పుడైంది రా?" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా కాలిందని అడిగాడు. బావ నా వైపు తిరిగాడు.

"నిప్పులు ఏం జేసినవ్ రా?"

"నీళ్లు వోసి సంచిల ఎత్తిన బావా. గవి ముందుగాల వచ్చినోళ్లయి అయ్యుంటయ్."

ఆయన నమ్మాడు. నేనెప్పుడూ ఆయనతో అబద్ధమాడలేదు మరి. మొదట రెండు వేళ్లు తీశారు, తర్వాత పాదం ముందు సగం. ట్రైలర్ నడపడానికి పనికిరాడని కాగితం వచ్చింది. వీసా రద్దయి, చక్రాల కుర్చీలో విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్టులో కూడా నన్ను నవ్వించాలని చూశాడు, కూర్చుని తిరిగే నౌకరీ మళ్లీ దొరికిందన్నాడు. ఊరికి వెళ్లిన మూడు నెలలకు పుండు పైకి పాకితే మోకాలి కింద దాకా తీసేశారు.

అక్క రోజూ పొద్దున కట్టు కట్టేది. నేను ఫోన్ చేస్తే చాలా సార్లు ఆ వేళకే కలిసేది. దూది తీస్తూ, పసుప్పచ్చ మందు రాస్తూ, నిప్పులు పూడ్చిపోయిన, ఎవరో తెలియని ఆ మనిషిని తిట్టేది. "ఏ చేతులతోని కప్పిండో ఆ చేతులు పడిపోను. వాని ఇంట్ల దీపం పెట్టే దిక్కు లేకుంట వోను." నేను ఫోన్ ఇవతల ఊఁ అనేవాణ్ణి. ఒకసారి ఆమెతో పాటు నేనూ తిట్టాను. మూడేళ్లు ఇలాగే గడిచాయి. చెబుదామనుకున్న ప్రతిసారీ, పండగ పోనీ, పుండు మానిపోనీ అని వాయిదా వేశాను. పిరికితనానికి సాకులు ఎన్నయినా దొరుకుతాయి.

మెసేజ్ వచ్చిన ఆ సెలవుకు, పొద్దున్నే ఒకరి కారు అడుక్కుని ఒక్కణ్ణే దిబ్బల దగ్గరికి వెళ్లాను. ఒకపారి చూపియ్యి రా అని బావ ఎన్నోసార్లు అడిగాడు, నేనే దాటవేస్తూ వచ్చాను. దారికి అడ్డంగా ఇనుప కడ్డీ వేసి ఉంది. పైన గుడారాల సామాన్లు కట్టుకుని వచ్చిన కుటుంబాల కార్లను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి పంపుతున్నారు. ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవడో తప్పు చేస్తే మా అందరికీ శిక్షా అని హిందీలో అరుస్తున్నాడు. నేను కారు పక్కకు ఆపి బావకు వీడియో కాల్ చేశాను.

ఆయన అరుగు మీద ఉన్నాడు. దిబ్బలు చూపించగానే ముఖం వెలిగింది. "అబ్బ, ఎట్లున్నయ్ రా! జర ఇటు తిప్పు. గదేంది, గా బోర్డు?"

ఫోన్ బోర్డు వైపు తిప్పాను. మంట బొమ్మ, దాని మీద ఇసుక పోస్తున్న చెయ్యి బొమ్మ, అడ్డంగా ఎర్ర గీత. ఎండకు రంగు వెలిసింది కానీ తెలుస్తూనే ఉంది. బావ చాలాసేపు చూశాడు.

"మంచిగ వెట్టిండ్రు. గీ బోర్డు గప్పుడుంటే నా కాలు నాకుండు రా."

అన్నీ ఓర్చుకున్నాను కానీ ఆ మాట ఓర్చుకోలేకపోయాను.

"గప్పుడు గూడ ఉన్నది బావా" అన్నాను. "నేను సదివిన. నీళ్లు వొయ్యలే. గార్డు చూస్తడని ఇసుక కప్పిన. నేనే కప్పిన."

ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. అరికాలికి తెలియనట్టే మనిషికీ తెలియలేదేమో అనిపించింది ఒక్క క్షణం. తర్వాత మెల్లగా అడిగాడు. "నేను గా గార్డుకు నీ గురించి ఏం చెప్పిన రా?"

ఆయన ఫోన్‌ను పక్కనున్న చెంబుకు ఆనించి తల తిప్పుకున్నాడు. అప్పుడు కనబడింది, వెనకాల చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అక్క. మొత్తం విన్నది. ఇప్పుడు తిడుతుంది, తిట్టనీ అని కళ్లు మూసుకున్నాను. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న తిట్లు, నా పేరు పెట్టి తిడితే కొంతైనా తీరుతుందనుకున్నాను.

"మూడేండ్ల సంది నేను తిట్టింది నా తమ్మున్నా?" అంది అక్క. చేట కింద పడిన చప్పుడైంది. "నా నోరు పాడుగాను. చేతులు పడిపోను అన్న గదా. రోజు అన్న గదా."

లేచి లోపలికి పరుగెత్తింది. గుప్పిట్లో ఎండు మిరపకాయలు, ఉప్పు పట్టుకొచ్చి ఫోన్ ముందు నిలబడింది. దానిలో కనబడుతున్న నా ముఖం చుట్టూ గుప్పిలి తిప్పడం మొదలుపెట్టింది. ఇరుగుదిష్టి పొరుగుదిష్టి అనలేదు. "నా నోటి దిష్టి పోను, నా తమ్మునికి తగిలిన నా నోటి దిష్టి పోను" అంటోంది. కళ్ల నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. అక్కా వద్దు అని నేను ఏడుస్తున్నాను.

"కదలకు తమ్మీ. చేతులు గూడ చూపియ్యి. రెండు చేతులు."

ఫోన్‌ను కారు అద్దానికి ఆనించి, ఆ ఇసుక కప్పిన చేతులు రెండూ ఎత్తి చూపించాను. అక్క వాటి చుట్టూ గుప్పిలి తిప్పుతోంది. ఆమె వెనకాల బావ గోడ పట్టుకుని లేచాడు, మా ఇద్దరి వైపూ చూడకుండా ఒంటికాలి మీద గెంతుతూ ఇంట్లోకి వెళ్లిపోయాడు.